డెల్టాలో మందు కొట్టిన చేతులు

గోదావరి డెల్టాలో వ్యవసాయం చేసిన ఒక తరానికి బీహెచ్‌సీ పొడి బాగా తెలుసు. బూడిద కలిసిన తెలుపులో ఉండేది, ముక్కిపోయిన వాసన వేసేది. డస్టరు ఉన్న ఆసామి డస్టరుతో కొట్టించేవాడు. లేనివాడు పల్చటి గుడ్డలో మూటకట్టించి, ఆ మూటను కర్రతో తడుతూ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడవమనేవాడు. ఆకు మీద మంచు తడి ఉండగా చల్లితే పొడి అంటుకుంటుందని తెల్లవారకముందే పని మొదలయ్యేది. ఎండెక్కేసరికి ఆ పొడి చేనుకే కాదు, చల్లినవాడి కనుబొమలకూ, మెడకూ, చెమట పట్టిన వీపుకూ అంటుకునేది. కాలవలో మునిగి ఇంటికి వెళితే పని అయిపోయినట్టే.

రాయవరం, సోమేశ్వరం, వెదురుపాక, పసలపూడి, చెల్లూరు ఊళ్ళు 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లాలోకి వెళ్ళాయి. అంతకుముందు తూర్పుగోదావరి. జిల్లా పేరు ఏదైనా నీళ్ళు మాత్రం ధవళేశ్వరం ఆనకట్టవే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల సార్వా, దాళ్వా రెండు పంటల నేలగా మారుతూ వచ్చింది. ఈ నేల గురించి రాసిన చరిత్రల్లో కాలవలున్నాయి, జమీందార్లున్నారు, వరి రకాలున్నాయి, మిల్లులున్నాయి. పంటకు మందు కొట్టిన మనిషి మాత్రం లేడు. అతని ఒంట్లోకి ఏం వెళ్ళింది, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత అతని నెత్తుటికి ఏమైంది అన్నది ఎవరూ రాయలేదు. ఆ రాయకపోవడానికి ఒక చరిత్ర ఉంది. అది లండన్‌లో మొదలవుతుంది.

1825లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, దీపాల కోసం నూనె నుంచి తీసిన గ్యాసు సిలిండర్ల అడుగున మిగిలిన ద్రవాన్ని పరీక్షించి, అందులోంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. దాన్నే తర్వాత బెంజీన్ అన్నారు. అదే ఏడాది ఆ బెంజీన్‌కు ఎండలో క్లోరిన్ కలిపి చూస్తే గట్టి పదార్థం ఒకటి తయారైంది. అది బెంజీన్ హెక్సాక్లోరైడ్, అంటే బీహెచ్‌సీ. రెండూ ఒకే చేతిమీదుగా, ఒకే ఏడాది పుట్టాయి. బీహెచ్‌సీ పురుగుల్ని చంపుతుందని తెలియడానికి మరో శతాబ్దం పైన పట్టింది. 1940లలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ శాస్త్రవేత్తలు అందులోని గామా అనే రూపానికే పురుగును చంపే శక్తి ఉందని తేల్చారు. ఆ గామాను శుద్ధిచేసి విడిగా అమ్మితే లిండేన్. శుద్ధిచేయకుండా అమ్మే పొడిలో గామా 10 నుంచి 15 శాతమే ఉంటుంది. మిగతా 85 శాతానికి పైగా పురుగు మీద పెద్దగా పనిచేయని రూపాలు. అవి మట్టిలో, పాలలో, మనిషి కొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. పేద దేశాలకు దొరికింది ఈ చౌకపొడి. మన దేశంలో 1952లో కలకత్తా దగ్గరి రిష్రాలో తయారీ మొదలైంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు దేశంలో ఎక్కువగా వాడిన పురుగుమందుల్లో అది మొదటి వరుసలో నిలిచింది.

ఫారడే కనుక్కున్న రెండింటిలో మనిషి నెత్తుటికి కీడు చేస్తుందని ముందుగా బయటపడింది బెంజీన్. 1897లో స్వీడన్‌లో శాంటెసన్ అనే వైద్యుడు సైకిల్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే యువతుల కేసులు ప్రకటించాడు. రబ్బరు కరిగించడానికి అక్కడ బెంజీన్ వాడేవారు. ఆ పిల్లలకు ఒంటి మీద నెత్తుటి మచ్చలు, ఆగని రక్తస్రావం. ఎముకల లోపలి మూలుగ ఎండిపోయి కొత్త రక్తం తయారు కావడం ఆగిపోయింది. 1928లో ఫ్రాన్స్‌లో డెలోర్, బోర్గొమానో అనే ఇద్దరు, బెంజీన్‌తో పనిచేసిన కార్మికుడికి లుకేమియా వచ్చిన సంగతి రాశారు. లుకేమియా అంటే తెల్లకణాలు పక్వం కాకుండానే అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్. లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యేది లింఫోమా. మూలుగలోని ప్లాస్మా కణాల్లో వచ్చేది మైలోమా. ఈ మూడింటినీ కలిపి రక్త క్యాన్సర్లంటారు.

బెంజీన్ ఒంట్లో చేసే పని ఇప్పుడు చాలావరకు తెలుసు. పీల్చిన బెంజీన్‌ను కాలేయం విరిచి బయటికి పంపాలని చూస్తుంది. ఆ విరిచే క్రమంలో పుట్టిన పదార్థాలు మూలుగకు చేరతాయి. అక్కడి ఎంజైములు వాటిని ఇంకా కరుకైన క్వినోన్లుగా మారుస్తాయి. రక్తకణాలన్నిటికీ తల్లికణాలైన మూలకణాల క్రోమోజోములు వీటివల్ల దెబ్బతింటాయి. దెబ్బతిన్న కణాల్లో చాలావాటిని శరీరమే తొలగిస్తుంది. తొలగకుండా మిగిలిన ఒక్క కణం ఏళ్ళ తర్వాత జబ్బుగా బయటపడవచ్చు. చేసిన పనికీ వచ్చిన రోగానికీ మధ్య ఇంత కాలం ఉండటమే ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు. అప్పటికి మనిషి ఆ పని మానేసి ఉంటాడు, ఊరు మారి ఉంటాడు, ఒక్కోసారి పనిచేయించిన కంపెనీయే మూతబడి ఉంటుంది.

అయినా ఆ ముడి విప్పినవాళ్ళున్నారు. ఇస్తాంబుల్‌లో ముజఫ్ఫర్ అక్సోయ్ అనే రక్తవ్యాధుల వైద్యుడి దగ్గరికి 1960ల చివర్లో చెప్పులు కుట్టే పనివాళ్ళు ఎక్కువగా రాసాగారు. నగరంలో ఇరుకు గదుల్లో, కిటికీలు లేని చిన్న చిన్న కార్ఖానాల్లో చెప్పులు అతికించేవాళ్ళు. జిగురులో బెంజీన్ ఉండేది. అక్సోయ్ వచ్చిన రోగికి మందిచ్చి ఊరుకోలేదు. ఏం పని, ఏ జిగురు, ఎన్నేళ్ళు, గది ఎంత అని అడిగి రాసుకున్నాడు, కార్ఖానాలకు వెళ్ళి చూశాడు. 1974లో ఆయన లెక్క బయటపెట్టాడు. సుమారు 28,500 మంది చెప్పుల పనివాళ్ళలో 26 మందికి లుకేమియా. మామూలు జనాభాలో వచ్చేదానికి అది రెట్టింపు. జిగురులో బెంజీన్ తగ్గించాక కొత్త కేసులూ తగ్గాయి. కారణమేదో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

1977లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రబ్బరుతో ప్లియోఫిల్మ్ అనే పొర తయారుచేసే ఫ్యాక్టరీల కార్మికుల్ని పీటర్ ఇన్‌ఫాంటే, ఆయన సహచరులు ఇలాగే వెతికి పట్టుకున్నారు. 1940ల నుంచి ఎవరు ఏ విభాగంలో ఎన్నాళ్ళు పనిచేశారో కంపెనీ రికార్డుల్లో ఉంది. ఆ పేర్లను మరణ ధ్రువపత్రాలతో పోల్చి చూస్తే లుకేమియా మరణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. బెంజీన్ మీద ఈనాటికీ వాడుకలో ఉన్న పరిమితుల వెనుక ఆ హాజరు పట్టీలున్నాయి.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో బెంజీన్ వల్ల వచ్చే జబ్బును చేర్చారు. అలాంటి కేసు చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ విభాగానికి తెలియజేయాలని ఆ చట్టం చెప్పింది. కానీ చేను ఫ్యాక్టరీ కాదు. చేలో కూలికి వెళ్ళే మనిషికి హాజరు పట్టీ లేదు, తనిఖీ అధికారి లేడు, షెడ్యూలు లేదు.

ఆ చేలోకి రసాయనం ఎలా వచ్చిందో చూడాలి. పురుగు కోసం కాక ముందు దోమ కోసం వచ్చింది. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాయి. డెల్టా ఊళ్ళకు బోదకాలు, చలిజ్వరం రెండూ కొత్తవి కావు. మలేరియావాళ్ళు బాల్చీ, పంపు పట్టుకుని వచ్చి ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టి, గోడ మీద తేదీ వేసి వెళ్ళేవారు. ఢిల్లీలో డీడీటీ తయారీ కోసం 1954లో హిందూస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ ఏర్పాటైంది. ఏటా ఏడున్నర కోట్ల మందికి వస్తుందని అంచనా వేసిన మలేరియా 1965 నాటికి లక్ష కేసులకు తగ్గింది. డీడీటీ ఎన్ని లక్షల ప్రాణాలు కాపాడిందో మరిచిపోయి ఈ కథ చెప్పడం అన్యాయం. జనం ఆ వాసనను నమ్మారు. ప్రభుత్వమే ఇంట్లో పడకగదికి కొట్టించిన మందు చేలో మనిషికి చెరుపు చేస్తుందని ఎవరు అనుకుంటారు?

తర్వాత ఐఆర్-8 వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన పొట్టి రకం అది. పశ్చిమగోదావరి ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు తన పొలంలో దాన్ని పండించి చూపారు. ఆయనను మిస్టర్ ఐఆర్-8 అని పిలిచేవారు. పాత వరి ఎరువెక్కువైతే పడిపోయేది, ఇది నిలబడింది. యూరియా వేసినకొద్దీ పండింది. ఆకలి రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఐతే దట్టంగా, పచ్చగా, రెండు పంటలూ ఆగకుండా వరి ఉంటే పురుగుకూ విందే. కాండం తొలుచు పురుగు, ఆకుముడత, అన్నిటికన్నా సుడిదోమ. చేను మధ్యలో గుండ్రంగా ఎండి, రెండు మూడు రోజుల్లో ఎకరం తగలబెట్టినట్టు అయ్యేది. దోమపోటు తగిలిందంటే కౌలు రైతు ఆ ఏడాది అప్పులపాలైనట్టే. డబ్బాలు తెచ్చి మళ్ళీ మళ్ళీ కొట్టించినవాళ్ళను తప్పుపట్టలేం.

కానీ మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది. సాలీళ్ళు, మిరిడ్ నల్లులు దోమను తింటాయి. మందుకు అవి ముందు చచ్చేవి, దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగుల్లో భద్రంగా మిగిలేవి. ఇండోనేషియాలో ఇది స్పష్టంగా రుజువయ్యాక 1986లో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేశాడు. పంట తగ్గలేదు. మన దగ్గర మార్టేరు వరి పరిశోధన కేంద్రం మరో దారి పట్టింది. దోమను తట్టుకునే విజేత, అంటే ఎంటీయూ 1001 వంటి రకాలు 1990లలో రైతులకు అందాయి. ఒక తట్టుకునే రకం వేస్తే ఎన్ని ట్యాంకుల మందు తగ్గుతుందో, ఎన్ని వీపుల మీద ఆ డబ్బా ఎక్కదో అన్న కోణంలో మార్టేరు శాస్త్రవేత్తల కృషిని ఎవరైనా లెక్కగట్టాలి. దిగుబడి లెక్కల్లో అది కనిపించదు.

ఆ ట్యాంకుల సంగతి. డెల్టాలో మందు కొట్టడం పెద్ద ఆసామి చేసే పని కాదు. పాలేరుది, ఆ తర్వాత రోజుల్లో ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుని వచ్చే కూలీది. ఎక్కువమంది భూమి లేని దళితులు, వెనుకబడిన కులాలవారు. రోజుకు ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి కాబట్టి మధ్యలో ఆగి చేతులు కడుక్కునే తీరిక ఉండదు. మోకాలి లోతు నీళ్ళలో ఒట్టికాళ్ళు, లుంగీ, ముక్కుకు తువ్వాలు. తువ్వాలు తడిస్తే అది ముక్కును కాపాడదు, మందును ముక్కు దగ్గరే ఉంచుతుంది. వీపు మీది ట్యాంకు కారితే నడుము పొడవునా తడి. చిక్కటి మందును మూతతో కొలిచి నీళ్ళలో కలిపే చోటే ప్రమాదం ఎక్కువ. గుళికల మందైతే ఇసుకలో చేత్తో కలిపి చల్లడమే. మందు కొట్టిన చేలో మర్నాడో మూడోనాడో కలుపు తీయడానికి దిగే ఆడవాళ్ళ చేతులకు, కాళ్ళకు అంటేది ఎవరి లెక్కలోకీ రాదు. విషం చర్మం గుండా లోపలికి వెళుతుందన్నది డబ్బా మీద అచ్చు వేసి ఉంటుంది. ఆ అక్షరాల సైజు చూస్తే అది ఎవరి కోసం అచ్చు వేశారో అర్థం కాదు.

డబ్బా మీద అక్షరాలు రావడానికే ఒక ఘోరం జరగాల్సి వచ్చింది. 1958లో కేరళలో, ఓడలో పారథియాన్ అనే పురుగుమందు డబ్బాలు కారి గోధుమపిండి బస్తాలు తడిశాయి. ఆ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దానిపై జరిగిన విచారణ ఫలితంగానే 1968లో పురుగుమందుల చట్టం, 1971లో నిబంధనలు వచ్చాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు అప్పటివే. రైతులు ఈ రంగుల్ని చూసే మందు ఎంత ఘాటో అంచనా వేస్తారు. అయితే ఆ రంగు నిర్ణయమయ్యేది ఒక్క కొలతతో: ఎంత మోతాదుకు ప్రయోగశాల జంతువుల్లో సగం చనిపోతాయన్నది. తాగితే లేదా ఒంటికి అంటితే అప్పటికప్పుడు ఏమవుతుందో రంగు చెబుతుంది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే ఏమవుతుందో చెప్పదు. నీలం త్రికోణం కింద అమ్మే మలాథియాన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. చట్టం కేరళ చావుల నుంచి పుట్టింది కాబట్టి గబుక్కున చంపే విషాన్నే చూసింది. నిదానంగా చంపేదాని కోసం ఇప్పటికీ డబ్బా మీద గుర్తు లేదు.

2015 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్న ఆ సంస్థ అప్పటికి 190 ఏళ్ళ వయసున్న ఫారడే పొడి మీద తీర్పు చెప్పింది. లిండేన్ మనుషుల్లో నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా కలిగిస్తుందనడానికి తగిన ఆధారాలున్నాయని, దాన్ని మొదటి వర్గంలో, అంటే బెంజీన్, పొగాకు ఉన్న వర్గంలోనే వేసింది. డీడీటీని, డయాజినాన్ అనే మరో పురుగుమందును, గ్లైఫోసేట్ అనే కలుపుమందును దాని కింది మెట్టు మీద ఉంచింది. వరిలో కలుపుకు వాడే 2,4-డీని ఇంకో మెట్టు కింద పెట్టింది. గ్లైఫోసేట్ మీద వాదన తెగలేదు, అమెరికా పర్యావరణ సంస్థ వంటివి ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. లిండేన్ మీద మాత్రం అలాంటి సందిగ్ధం తక్కువ.

లియోన్‌లో కూర్చున్న శాస్త్రవేత్తలకు ఆధారం ఎక్కడ దొరికింది? అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1993 నుంచి 1997 దాకా సుమారు 89 వేలమంది మందు కొట్టేవాళ్ళనీ వాళ్ళ భార్యాభర్తల్నీ ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. ఏ మందు, ఏడాదికి ఎన్ని రోజులు, చేతి తొడుగు వేసుకున్నారా, బట్టలు ఎప్పుడు మార్చారు అని ఒక్కొక్కరినీ అడిగారు. వాళ్ళను ఏళ్ళ తరబడి క్యాన్సర్ రిజిస్ట్రీలతో పోల్చి చూస్తున్నారు. అదే అధ్యయనం 2018లో గ్లైఫోసేట్‌కూ లింఫోమాకూ గట్టి సంబంధం కనిపించలేదని కూడా చెప్పింది. రాసుకున్న లెక్క ఉంటే నిందే కాదు, నిర్దోషిత్వం కూడా తేలుతుంది. డెల్టా చేలల్లో బీహెచ్‌సీ అమెరికా రైతు ఊహించలేనంత దగ్గరగా, ఒట్టి చేతులతో చల్లారు. అంత పని జరిగిన నేల నుంచి ఆ లెక్కల్లోకి చేరిన పేరు లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మందు కొట్టిన ప్రతివాడికీ రక్త క్యాన్సర్ రాదు. చాలామందికి రాదు. రక్త క్యాన్సర్ వచ్చినవాళ్ళలోనూ ఎక్కువమందికి కారణమిదని ఏ వైద్యుడూ వేలెత్తి చూపలేడు. పెరిగేది ముప్పు. అది వేలమందిని కలిపి చూస్తేనే కనబడుతుంది. అందుకే ఒక్కొక్కరినీ విడివిడిగా ఆస్పత్రికి పంపి, మందిచ్చి, బిల్లు కట్టి ముగిస్తే ఆ ముప్పు ఎప్పటికీ బయటపడదు.

ఆ మందు సంగతికి వస్తే, రక్త క్యాన్సర్ చికిత్స చరిత్రలో గోదావరి గడ్డ పేరు ఎత్తకుండా కుదరదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాటసాయంతో, మామగారు కూడబెట్టిన డబ్బుతో బోస్టన్‌కు ఓడెక్కాడు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాల్ని చేసింది. పుట్టే ప్రతి కణానికీ ఫోలిక్ ఆమ్లం కావాలి. అదుపు తప్పి పుట్టుకొచ్చే లుకేమియా కణాలకు ఇంకా కావాలి. దాని చోట నకిలీని పెడితే కణం పెరగలేదు. అలా తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947 చివర్లో చావుకు దగ్గరైన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో పదిమందికి కొంతకాలం పాటైనా జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందుకూ అలా జరగలేదు. రెండు నెలలు దాటగానే, 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్ తమ్ముడైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. ఆయన బృందమే ఇచ్చిన హెట్రజాన్ మాత్ర డెల్టా ఊళ్ళలో బోదకాలు నివారణకు పంచారు.

జబ్బుకు మందు కనిపెట్టినవాడు ఈ జిల్లాల బిడ్డ. ఆ జబ్బు ఎవరికి, ఏ పని వల్ల వస్తుందో అడగాల్సిన పని మాత్రం ఈ జిల్లాల్లో మొదలు కాలేదు.

కోనసీమకు మంటలు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఓఎన్‌జీసీ తవ్వకంలో ఎగజిమ్మిన గ్యాసు 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. 2025 అక్టోబరు 8న రాయవరం మండలంలోనే బాణసంచా తయారీ కేంద్రంలో మంటలు లేచి పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. ఇవి తేదీతో, పేర్లతో, పరిహారంతో నమోదయ్యాయి, నమోదు కావాలి కూడా. రసాయనం నిదానంగా చేసే పనికి తేదీ ఉండదు. పెట్రోలు బంకులో ఆవిరి పీల్చుతూ రోజుకు పది పన్నెండు గంటలు నిలబడే కుర్రాడు, మెకానిక్ షెడ్డులో గ్రీజు చేతుల్ని పెట్రోలుతో కడుక్కునేవాడు, తలుపులు మూసిన గదిలో థిన్నర్ కలిపి రంగు కొట్టేవాడు, వీళ్ళందరి మధ్యా ఆ మొదటి బెంజీన్ ఇంకా ఉంది. పెట్రోలులో 2000 ప్రాంతంలో 5 శాతం దాకా అనుమతించిన బెంజీన్‌ను తర్వాతి ప్రమాణాల్లో 1 శాతానికి తగ్గించారు. మంచి మార్పు. చేతులు కడుక్కోవడానికి వాడితే మాత్రం ఆ ఒక్క శాతం కూడా చర్మం మీదికే వస్తుంది.

రాయవరానికి పొరుగునే ఉన్న బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న మాట 2025 మార్చిలో శాసనసభ దాకా వెళ్ళింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. ఆ తిరగడం వల్ల ఒక ఊరు మొత్తాన్ని కొద్ది రోజుల్లో పలకరించడం సాధ్యమేనని తేలింది. అలాంటి సర్వేలో జబ్బు ఉందా లేదా అన్న ప్రశ్నతో పాటు చేసిన పని గురించి ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కాగితం మీద ఇంకో నాలుగు గడులు చాలు.

డబ్బా లేకుండా పండించవచ్చని చూపినవాళ్ళూ తెలుగువాళ్ళే. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు పత్తి మీద మందు కొట్టి అప్పులపాలై, జబ్బుపడి, వేప కషాయాలకూ ఎరపంటలకూ మళ్ళి, 2003-04 ప్రాంతంలో తమది పురుగుమందు లేని ఊరని ప్రకటించుకున్నారు. ఆ అనుభవాన్ని స్వయం సహాయక సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో వేరే జిల్లాలకు తీసుకెళ్ళారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం దానికి కొనసాగింపే. దాని మీద దిగుబడి గురించిన వాదనలు చాలా జరుగుతున్నాయి. మందు కలిపే చేతుల గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ కార్యక్రమం మంచిచెడ్డలు తూచేటప్పుడు ఈ చేతుల్ని కూడా త్రాసులో వేయాలి.

పొలం మీద ఇప్పుడు డ్రోన్లు ఎగురుతున్నాయి. తడి తువ్వాలు కట్టుకుని చేలో నడిచే మనిషి తగ్గుతున్నాడు. గట్టు మీద కూర్చుని చిక్కటి మందును డ్రోన్ ట్యాంకులో పోసే మనిషి కొత్తగా వచ్చాడు. డ్రోన్‌కు మందును మునుపటంత పల్చగా కలపరు కాబట్టి అతని చేతికి అంటేది ఇంకా చిక్కన.

బీహెచ్‌సీని 1997 ఏప్రిల్ 1న నిషేధించారు. లిండేన్‌ను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చాక, మన దేశం 2011లో తయారీని, 2013లో వాడకాన్ని ఆపింది. 1970లలో ఇరవయ్యేళ్ళ వయసులో ఆ పొడిమూట తట్టినవాళ్ళ వయసు ఇప్పుడు డెబ్బైకి అటూఇటూ. లింఫోమా, మైలోమా ఎక్కువగా కనిపించే వయసు అది. ఏ మందు, ఏ పంటకు, ఎన్నేళ్ళు, ఎవరి చేలో అన్నది వాళ్ళకు గుర్తుంది. రంగు, వాసన, డబ్బా బొమ్మ చెబితే మందు పేరు పట్టుకోవచ్చు. కాకినాడ ప్రభుత్వాస్పత్రిలోనైనా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనైనా కేసు షీటులో వృత్తి అన్న గడి ఎదురుగా ‘కూలి’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఆ కూలి ఏ కూలో అడిగి రాయడం వాళ్ళు బతికుండగానే మొదలుపెట్టాలి.